గాలి మాట, నీటి మాట

2020 అక్టోబరు 13, మంగళవారం. పొద్దున ఏడు దాటాక కాకినాడ నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "దాటేసిందిరా నాన్నా. రాత్రంతా కిటికీలు దడదడలాడాయి. ఇప్పుడు నెమ్మదించింది. గండం గడిచింది" అంది. తీవ్ర వాయుగుండం ఆ ఉదయం ఆరున్నరకూ ఏడున్నరకూ మధ్య కాకినాడ దగ్గరే తీరం దాటింది. అదే గాలికి విశాఖలో ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకుల ఓడ లంగరు నిలవక తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. పెద్దమ్మ గొంతులో అంత తేలిక వినడం నాకూ హాయిగా అనిపించింది. ఫోన్ పెట్టేసి మేడెక్కాను.

మేముండేది హైదరాబాదు బహదూర్‌పురాలో. మా మేడ మీద నిలబడితే ఉత్తరాన పురానాపూల్, తూర్పున చార్మినార్, పడమర జూపార్కు చెట్లు, వాటి వెనక మీరాలం చెరువు. వాన పిచ్చి ఉన్నవాడికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. దిక్కులు ఎవరూ చెప్పనక్కర్లేదు. డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలో 1857లో చెప్పిన సూత్రం ఒకటుంది: భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లు గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. ఆ ఉదయం గాలి పురానాపూల్ వైపు నుంచి వస్తోంది. వీపు అటు పెట్టి ఎడమచెయ్యి చాపితే వేళ్లు చార్మినార్ వైపు తిరిగాయి. చార్మినార్ వెనక, కొన్ని వందల కిలోమీటర్ల అవతల, కాకినాడ. ఏ ఉపగ్రహ చిత్రమూ చూడకుండా, ఒట్టి వీపుతోనూ చేతితోనూ ఒక వాయుగుండం ఎక్కడుందో పట్టుకోగలగడం ఎంత ఆనందమో, అది ఒకసారైనా చేసినవాళ్లకే తెలుస్తుంది.

నాలాంటివాళ్లు ఈ నగరంలో చాలామందే ఉన్నారు. చదువుకుంటున్న పిల్లలు, ఉద్యోగాలు చేసేవాళ్లు, పదవీ విరమణ చేసినవాళ్లు. బేగంపేట రాడార్ చిత్రం మారిన ప్రతిసారీ చూస్తారు, మచిలీపట్నం రాడార్‌తో పోల్చుకుంటారు. ఆకుపచ్చ పసుపై, పసుపు ఎరుపైతే ఒకళ్లకొకళ్లు కబురు పెట్టుకుంటారు. తెలంగాణ వెదర్‌మ్యాన్ పేరుతో ఒక యువకుడు చెప్పే మాట కోసం హైదరాబాదులో లక్షలమంది ఎదురు చూస్తారు. ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం వాతావరణ సమాచారాన్ని తెలుగులో విడమరిచి చెబుతున్న సాయి ప్రణీత్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గురించి 2021 జులైలో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. మా వంటివాళ్లం అంత దూరం వెళ్లలేదు. మాకు ఉన్నదల్లా కళ్లు, ఒక ఫోను, మేడ మీద నిటారు గోడల ప్లాస్టిక్ డబ్బా ఒకటి. పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు పెట్టి కొలుస్తాం, ఎందుకంటే వాతావరణ శాఖ రోజు లెక్క మొదలయ్యేదీ ముగిసేదీ ఎనిమిదిన్నరకే. రాష్ట్ర ప్రణాళికా సంస్థ రోజూ ఇచ్చే మండలాల వారీ వర్షపాతం పట్టికలో ‘బహదూర్‌పురా’ అని ఒక వరస ఉంటుంది. నా డబ్బా అంకె ఆ వరసకు దగ్గరగా వచ్చిన రోజు పరీక్ష పాసైనంత సంబరం నాకు.

తీరంలో తుఫాను చూసేవాళ్లకూ మాకూ ఒక పెద్ద తేడా ఉంది. సముద్రంలో అల్పపీడనం పుట్టిన నాటి నుంచీ వాళ్లు మేలుకుని ఉంటారు, తీరం దాటగానే పడుకుంటారు. మా పని అక్కడ మొదలవుతుంది. హైదరాబాదుకు ఏ తుఫానూ తుఫానుగా రాదు. సముద్రం మాకు దగ్గర దగ్గర మూడు వందల కిలోమీటర్ల దూరం. ఖమ్మం, నల్లగొండ దాటేసరికి గాలి అలిసిపోతుంది. ఏదో దేశం ప్రేమగా పెట్టిన పేరు కూడా దారిలోనే రాలిపోతుంది. మా దగ్గరికి చేరేది పేరు పోగొట్టుకున్న మబ్బు. 2020లో వచ్చినదానికైతే మొదటి నుంచే పేరు లేదు. తుఫాను మెట్టు ఎక్కకుండానే అది నేల మీదికి వచ్చేసింది.

ఆ మెట్ల గురించి చెప్పాలి. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50కి వస్తే తీవ్ర వాయుగుండం, 62కి వస్తే తుఫాను, 89కి వస్తే తీవ్ర తుఫాను. అలా పైకి ఎక్కుతూ 222 దగ్గర సూపర్ సైక్లోను. దిగేటప్పుడూ అవే మెట్లు. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా బులెటిన్‌లో ‘బలహీనపడింది’ అని రాస్తారు. ఈ నిచ్చెన పొడవునా కొలిచింది గాలి ఒక్కటే. ఏ మెట్టు మీదా నీటి లెక్క లేదు.

ఇది తప్పు పట్టవలసిన విషయం కాదు. ఆ నిచ్చెన కట్టింది ఓడల కోసం, తీరం కోసం. మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 రాత్రి గాలి, ఆ గాలి తోసుకొచ్చిన ఉప్పెన ఆ సీమలో వేలమందిని తీసుకుపోయాయి. అమ్మమ్మ బతికినన్నాళ్లూ వాన ఎంత కురిసినా పట్టించుకునేది కాదు, గాలి హోరు వినిపిస్తే మాత్రం దీపం దగ్గర కూర్చుండిపోయేది. ఆమెకు ‘బలహీనపడింది’ అన్న మాట దేవుడు పలికినట్టే ఉండేది. పెద్దమ్మకూ అంతే. ఆ మాట తీరం భాషలో పుట్టింది. తీరంలో అది నిజం. ఆ మాటనే మెట్ట మీదికి తెచ్చి మేమూ వాడుకుంటున్నాం. చిక్కంతా అక్కడుంది.

మా సందు చివర ఇంట్లో ఒక చాచా ఉండేవారు. పతంగులు కట్టడం ఆయన పని. పావురాలంటే ప్రాణం. సంక్రాంతికి మూడు నెలల ముందు నుంచే కాగితం దస్తాలు, వెదురు బద్దలు తెచ్చి కింది గదిలో పేర్చుకునేవారు. గాలి సంగతి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. పావురాలు ఏ వైపు ముక్కు పెట్టి కూర్చున్నాయో చూసి చెప్పేవారు. ఆయనకు రాడార్ చూపించేవాణ్ణి, ఆయన నాకు ఆకాశం చూపించేవారు. ఆ మంగళవారం సాయంత్రం సన్నగా మొదలైన వాన ముదురుతుండగా తలుపు దగ్గర నిలబడి అడిగారు: "క్యా బేటా, తూఫాన్ ఆరా క్యా?"

కొద్దిసేపటి క్రితమే నేను బులెటిన్ చూశాను. తీవ్ర వాయుగుండం తెలంగాణ మీద వాయుగుండంగా బలహీనపడింది. చెప్పేశాను: "కమ్‌జోర్ పడ్ గయా చాచా, ఫికర్ నక్కో." బలహీనపడింది, దిగులొద్దు అని.

ఆయన నమ్మారు. ఎందుకు నమ్మరు? నాలుగేళ్లుగా నేను చెప్పింది చాలాసార్లు జరిగింది. దస్తాలు పై గదిలోకి చేర్చాలని కొడుకును పిలవబోయినవారు ఆగిపోయారు.

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయలేను. వాన చినుకులుగా కాదు, ఒకే మోతగా పడింది. రాడార్‌లో మా మీద ఉన్న ఎరుపు కదలలేదు. చిత్రం మారుతుంది, ఎరుపు అక్కడే. మళ్లీ మారుతుంది, అక్కడే. మబ్బు ఎటు పోతుందో చూడడం అలవాటైన కళ్లకు, పోకుండా నిలబడిన మబ్బును చూస్తుంటే ఒళ్లు చల్లబడుతుంది. తొమ్మిది దాటాక నాలా పొంగి సందులోకి వచ్చింది. చాచా ఇంట్లో మోకాళ్ల దాకా నీళ్లు. మేమంతా వెళ్లి ముసలివాళ్లను, పిల్లల్ని మేడల మీదికి చేర్చాం. కాగితం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మర్నాడు పొద్దున గదిలో చూస్తే దస్తాల రంగులన్నీ కరిగి కలిసిపోయి, నేలంతా ఊదారంగు బురద.

నా డబ్బా 15 సెంటీమీటర్ల ఎత్తుంది. పొద్దున చూస్తే నిండి పొర్లిపోయింది. బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు అని తర్వాత తెలిసింది. ఈ అంకెలు వార్తలో చదివితే చిన్నవిగా కనిపిస్తాయి. ఇంటి లెక్కలోకి తెచ్చి చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. పాతబస్తీలో మామూలుగా ఉండే నూరు గజాల ఇల్లు సుమారు 84 చదరపు మీటర్లు. 19 సెంటీమీటర్ల వానకు ఆ ఒక్క కప్పు మీదే దాదాపు పదహారు వేల లీటర్లు పడతాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి ఇంకా మిగులుతుంది. అలాంటి ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని వేలు. వాటన్నిటి నీరూ మనిషి ఒళ్లు తిప్పుకోలేని సందుల్లోంచి, చెత్తతో సగం పూడిన నాలాల్లోంచి, అదీ రాత్రికి రాత్రే మూసీ చేరాలి.

మా బస్తీకి జరిగింది తక్కువ. బండ్లగూడలో గుట్ట మీద గోడ కూలి ఇళ్ల మీద పడి పసిపిల్లలతో సహా పలువురు చనిపోయారు. పల్లె చెరువు తెగి అలీనగర్, అల్ జుబైల్ కాలనీలు మునిగాయి. నాలుగు రోజుల తర్వాత, 17 రాత్రి, మళ్లీ కుంభవృష్టి కురిసి గుర్రం చెరువు కట్ట తెగింది. హఫీజ్ బాబా నగర్ నీళ్లలోకి వెళ్లింది. ఇదంతా ‘బలహీనపడిన’ తర్వాత జరిగిందే. మా మీద కురిసి వెళ్లిన ఆ వాయుగుండం దక్కను దాటి అరేబియా సముద్రంలో దిగి, అక్కడ వెచ్చటి నీరు తగలగానే 17న మళ్లీ వాయుగుండం అయింది. అంత దూరం నేల మీద నడిచి కూడా అది చావలేదు.

చాచా నన్ను ఒక్క మాట అనలేదు. వారం తర్వాత నేనే వెళ్లి, తప్పు నాదని చెప్పాను. ఆయన బురద కడుగుతూ తలెత్తి చూసి, "తుమ్ హవా కీ బాత్ బోలే బేటా. పానీ కీ బాత్ నై బోలే" అన్నారు. నువ్వు గాలి సంగతి చెప్పావు, నీటి సంగతి చెప్పలేదు. కోపంగా అనలేదు, లెక్క సరిచేస్తున్నట్టు అన్నారు. తెలుగులో ‘గాలి మాట’ అంటే మరో అర్థం కూడా ఉందని ఆయనకు తెలియదు. ఆ రెండో అర్థం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

అప్పటి నుంచి నేను చదివింది, చూసింది అంతా ఆ ఒక్క మాట చుట్టూనే. తుఫాను కడుపు నిండా ఆవిరి. ఆ ఆవిరి నీరయ్యేటప్పుడు వెలువడే వేడే దాన్ని నడిపే ఇంధనం. నేల మీదికి వచ్చాక సముద్రం నుంచి ఆవిరి అందడం తగ్గుతుంది. చెట్లు, గుట్టలు, మేడలు గాలిని పట్టి వెనక్కి లాగుతాయి. కేంద్రంలో పీడనం పెరుగుతుంది, వేగం పడిపోతుంది. బులెటిన్ చెప్పేది ఇంతవరకే. కానీ పైన, కొన్ని కిలోమీటర్ల ఎత్తున, సుడి వెంటనే విడిపోదు. అది తిరుగుతూనే బంగాళాఖాతం మీది తేమను తాళ్లేసి లాగినట్టు లాక్కుంటూ ఉంటుంది. వానలకు ముందే నానిన నేల అయితే ఆ నేలే మళ్లీ కొంత ఆవిరి ఇస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది నడక. పైగాలులు తోస్తే సుడి సాగిపోతుంది, తోయకపోతే నిలబడిపోతుంది. పరుగెత్తే తుఫాను తన నీటిని వంద ఊళ్లకు పంచుతుంది, నిలబడ్డది ఒక్క ఊరి మీదే కుమ్మరిస్తుంది. బలం తగ్గిన తుఫానును చూడాల్సింది ఎంత వేగంగా తిరుగుతోందని కాదు, ఎంత నెమ్మదిగా కదులుతోందని.

మన పదాల్లోనే ఈ జ్ఞానం ఉంది. ‘గాలివాన’ అన్నారు పెద్దవాళ్లు, రెంటినీ కలిపి. ‘వాయుగుండం’లోనూ గుండం ఉంది, అంటే లోతైన మడుగు. తీరంలో గాలివాన వస్తుంది. మా దాకా వచ్చేసరికి గాలి పోయి వాన మిగులుతుంది. మరి ‘అల్పపీడనం’ అన్న మాట? పీడనం అల్పమైందని దాని అర్థం. వినేవాళ్ల చెవిలో పడేది మాత్రం ‘అల్పం’ ఒక్కటే. నాకు ఆ మాట మీద చాలా అసంతృప్తి ఉంది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది ఒక వాయుగుండం మాత్రమే, తుఫాను కూడా కాదు. విజయవాడను బుడమేరు, ఖమ్మాన్ని మున్నేరు ముంచాయి.

మా పురానాపూల్‌కు ఇది నూటపదేళ్లకు పైబడిన సంగతి. 1908 సెప్టెంబరు చివర బంగాళాఖాతం నుంచి ఒక తుఫాను నేల మీదికి నడిచొచ్చి మూసీ పరీవాహకం మీద ఆగింది. ఎగువన చెరువులు ఒకదాని తర్వాత ఒకటి, రెండు వందలకు పైగా తెగాయి. ఒక చెరువు తెగి కిందిదాన్ని తెంచుతుంది, రెండూ కలిసి మూడోదాన్ని. సెప్టెంబరు 28న మూసీ నగరంలోకి వచ్చింది. అఫ్జల్ పూల్, ముసల్లంజంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి. 1578 నాటి పురానాపూల్ నిలబడింది. చనిపోయినవాళ్లు పదిహేను వేలమంది వరకూ ఉంటారని అంచనా. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు నూట యాభైమందిని తన కొమ్మల మీద కాపాడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి అడిగితే ఆయన ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు. అలా వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఆ తుఫానుకు పేరు లేదు. దాన్ని ఇక్కడివాళ్లు మూసీ వరద, ‘తుగ్యానీ’ అని పిలుచుకున్నారు. తీరంలో దాన్నెవరూ గుర్తుపెట్టుకోలేదు. గుర్తుంచుకుంది మేమే, దాన్నీ నది పేరుతో.

2025లో రెండుసార్లు ఆ పాఠం మళ్లీ వినిపించింది. సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది, ప్రయాణికుల్ని బయటికి తేవలసి వచ్చింది. నెల తిరిగేసరికి మొంథా తుఫాను. అక్టోబరు 28 రాత్రి తీవ్ర తుఫానుగా నర్సాపురం దగ్గర తీరం దాటింది. మా నగరమంతా మేలుకునే ఉంది. పెద్దమ్మ మళ్లీ ఫోన్ చేసి గండం గడిచిందంది. ఈసారి నేను, "మీకు గడిచింది పెద్దమ్మా, ఇక మా వంతు" అన్నాను. మర్నాడు రోజంతా రాడార్ ముందే ఉన్నాం. హైదరాబాదు మీద మబ్బు పలచగానే ఉంది. ఎరుపంతా ఈశాన్యాన, హనుమకొండ, వరంగల్ మీద. అది కదలడం లేదు. ఆ కదలకపోవడం నాకు తెలుసు. మాలో అక్కడ బంధువులున్నవాళ్లు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు: సామాన్లు పైకి చేర్చండి, వాగు పక్కన ఉండకండి. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లు దాటింది. వరంగల్ కాలనీలు మునిగాయి. టీవీలో అప్పటికి మొంథా బలహీనపడి గంటలైంది.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. మబ్బులు వెంటాడే మాకందరికీ లోపల ఒక ఆశ ఉంటుంది, రావాలని. వేసవి అంతా కుళాయి దగ్గర బిందెలతో నిలబడిన ఊరు ఇది. వాన వస్తుందంటే సంతోషించని మనిషి ఉండడు. రాడార్ మీద రంగు చిక్కబడుతుంటే గుండె కొట్టుకునే తీరులో భయం ఎంతో, ఆనందమూ అంతే. 2020కి ముందు ఆ ఆనందాన్ని నేను ప్రశ్నించలేదు. ఇప్పుడు డబ్బా పక్కన ఒక కాగితం పెట్టుకున్నాను. సందులో ఎవరి గది నేలమట్టానికి కిందుంది, ఎవరింట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారు, నాలా మూత ఎక్కడ లేదు. రాడార్ ఎరుపెక్కిన రోజు ముందు ఆ కాగితం చూస్తాను, తర్వాతే చిత్రం. మబ్బును ప్రేమించడం మానలేదు, మానలేను కూడా.

చాచా 2021 సంక్రాంతికి అరువు కాగితంతో పతంగులు కట్టారు. తర్వాత కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. పావురాలను పక్కింటివాళ్లకు ఇచ్చారు, అవి ఇప్పటికీ మా మేడ మీద వాలుతుంటాయి.

వార్తలు రాసేవాళ్లకు, చదివేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. తుఫాను బలహీనపడిందని చెప్పినప్పుడు అక్కడితో ఆపకండి. ఆ వెంటే ఇంకొక్క వాక్యం చెప్పండి: అది ఎటు కదులుతోంది, ఎంత నెమ్మదిగా, రేపు పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఏ జిల్లాలో ఎన్ని సెంటీమీటర్ల వాన పడవచ్చు. ఆ అంచనా వాతావరణ శాఖ బులెటిన్‌లో గాలి లెక్క పక్కనే ఉంటుంది. ఆ వాక్యం వినిపిస్తే మా సందులో కింది గదులవాళ్లు సామాను పై గదికి చేర్చుకోవడానికి గంట చాలు.